ఎండాకాలంలో పాడై, చలికాలంలో బయటపడే గాలం తాడు

మొయినాబాద్ రెండు పెద్ద జలాశయాల మధ్య ఉంది. ఒకవైపు మూసీ మీద కట్టిన ఉస్మాన్‌సాగర్, అంటే అందరికీ తెలిసిన గండిపేట. మరోవైపు ఈసీ మీద కట్టిన హిమాయత్‌సాగర్. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి హైదరాబాద్‌ను ముంచెత్తాక, మోక్షగుండం విశ్వేశ్వరయ్య ఇచ్చిన సలహా మేరకు వరదను పైనే ఆపడానికి వీటిని తలపెట్టారు. మొదటిది 1920లో, రెండోది 1927లో పూర్తయ్యాయి. వికారాబాద్ పక్కన అనంతగిరి కొండల్లో పడిన వాన ఈ చుట్టుపక్కల వాగులూ వంకల గుండా వచ్చి వీటిలో చేరుతుంది. నూరేళ్లుగా ఈ నీళ్లు నగరం దాహం తీర్చాయి, ఈ ఊళ్ల మత్స్యకారులకు బతుకునిచ్చాయి. రవ్వ, బొచ్చె, బంగారుతీగ, జిలేబి, కొరమీను ఇక్కడ అందరూ ఎరిగిన చేపలే.

ఇక్కడ చలి కూడా గట్టిదే. డిసెంబరు, జనవరిల్లో ఉత్తరపు గాలి తిరిగిన రోజున మొయినాబాద్, చేవెళ్ల, షాబాద్ మండలాల్లో తెల్లవారుజామున ఉష్ణోగ్రత 10 డిగ్రీల లోపుకు జారిపోతుంది. అదే వేళకు నగరం నడిబొడ్డున మూడు నాలుగు డిగ్రీలు ఎక్కువే ఉంటుంది. పగలంతా ఎండను తాగిన సిమెంటు గోడలు, తారు రోడ్లు రాత్రంతా ఆ వేడిని వదులుతుంటాయి. పొలాల మీద ఆ అండ లేదు. మబ్బు లేని ఆకాశం కిందున్న నేల తన వేడినంతా పైకి వదిలేసి తెల్లారేసరికి చల్లబడిపోతుంది. హైదరాబాద్‌లో ఇంతవరకు నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 6.1 డిగ్రీలు. అది 1946 జనవరి నాటి మాట.

ఇలాంటి ఉదయం చెరువు ఒడ్డున ఫ్లై ఫిషింగ్‌కు దిగినవాళ్లు, అందులోనూ తక్కువ ధర లైన్ కొన్నవాళ్లు, చెప్పే ఫిర్యాదు ఒక్కటే. రీలు నుంచి లాగిన లైన్ సాఫీగా జారదు. స్ప్రింగులా చుట్టలు చుట్టలుగా నిలబడుతుంది, రాడ్ రింగుల్లో తట్టుకుంటుంది, విసిరితే సగం దూరంలోనే ఆగిపోతుంది. చవక లైన్ చలికి పనికిరాదని అక్కడికక్కడే తీర్పు చెప్పేస్తారు. ఆ తీర్పులో సగమే నిజమని నా అభిప్రాయం. మన చలి అంత పెద్దది కాదు. మన దగ్గర లైన్‌ను పాడుచేసేది అసలు మే నెల ఎండ, జనవరి చలి ఆ నష్టాన్ని బయటపెడుతుందంతే. దీనికి కారణం ప్లాస్టిక్ లోపలి సంగతుల్లో ఉంది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

మామూలు గాలంలో దారానికి పెద్ద పనేమీ ఉండదు. సీసపు గుండో, ఎర బరువో ముందుకు దూసుకుపోతుంటే దారం దాని వెంట వెళుతుంది. ఫ్లై ఫిషింగ్‌లో కొక్కేనికి కట్టేది ఈకలు, దారాలతో చేసిన పురుగు బొమ్మ. దాన్నే ఫ్లై అంటారు. అది ఊదితే ఎగిరేంత తేలిక కాబట్టి దాన్ని విసిరి దూరం పంపడం కుదరదు. అందుకని లైన్‌నే బరువుగా చేసి, ఆ లైన్‌ను విసురుతారు. లైన్ గాలిలో వెనక్కీ ముందుకీ సాగి, ఒక మడతలా విప్పుకుంటూ పోయి, చివరనున్న ఫ్లైని నీటి మీద మెల్లగా దింపుతుంది. 1960ల మొదట్లో అమెరికాలో గాలం సరంజామా తయారీదారుల సంఘం లైన్లకు అంకెలు నిర్ణయించింది. మొదటి 30 అడుగుల బరువును బట్టి ఆ అంకె వస్తుంది. 5వ నంబరు లైన్‌లో ఆ భాగం సుమారు 9 గ్రాములు, 8వ నంబరులో సుమారు 13.6 గ్రాములు. ఈ కొద్ది బరువే చేతి విసురును ఫ్లై దాకా మోసుకెళ్లాలి. కాబట్టి లైన్ బిరుసుగా మారితే మొత్తం పని చెడిపోతుంది. మామూలు గాలం వేసేవాళ్లకు దారం కాస్త బిరుసెక్కినా తెలియను కూడా తెలియదు.

మన చెరువుల్లో ఇంతటి సరంజామా ఎందుకని అడిగేవాళ్లుంటారు. ఇది ఇక్కడికి కొత్తగా వచ్చిందేమీ కాదు. మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన హెన్రీ సలివాన్ థామస్ 1873లో ‘ద రాడ్ ఇన్ ఇండియా’ ప్రచురించాడు. తర్వాత 1887లో ప్రత్యేకంగా మన చెరువుల గాలం వేట మీదే ‘ట్యాంక్ యాంగ్లింగ్ ఇన్ ఇండియా’ అనే పుస్తకం రాశాడు. ఆ రోజుల లైన్ పట్టుతో అల్లినది. దానికి నూనె పట్టించి గట్టిపరిచేవారు, తేలడానికి కొవ్వు రాసేవారు, వాడిన ప్రతిసారీ ఆరబెట్టకపోతే కుళ్లిపోయేది. పట్టుకు చలి పెద్ద లెక్క కాదు. చలికి లైన్ బిరుసెక్కే బాధ ప్లాస్టిక్‌తోపాటు వచ్చింది.

ఇప్పటి లైన్‌ను అడ్డంగా కోసి భూతద్దం కింద చూస్తే రెండు పొరలు కనిపిస్తాయి. మధ్యలో నైలాన్ నడుము. అది సన్నటి పోగులతో అల్లినదైనా కావచ్చు, ఒకే పోగైనా కావచ్చు. దాని చుట్టూ పీవీసీ పూత. ఈ పూతను ఒకచోట మందంగా, ఒకచోట పలచగా పోయడం వల్లే లైన్‌కు లావు సన్నాల ఆకృతి వస్తుంది. పీవీసీ నీటి కన్నా బరువైన పదార్థం, వదిలేస్తే మునుగుతుంది. తేలే లైన్‌లో కంటికి ఆనని బోలు గాజు గోళీలను పూతలో కలుపుతారు, ఆ గోళీల్లోని గాలి వల్లే లైన్ తేలుతుంది. మునిగే లైన్‌లో టంగ్‌స్టన్ పొడి కలుపుతారు. కొన్ని కంపెనీలు పీవీసీకి బదులు పాలీయురిథేన్ పూత వాడతాయి గానీ, చవకగా దొరికేవాటిలో ఎక్కువ భాగం పీవీసీవే.

చలి సంగతి ఈ పీవీసీ దగ్గర మొదలవుతుంది. జర్మన్ రసాయన శాస్త్రవేత్త యూజెన్ బౌమన్ 1872లోనే దీన్ని గమనించినా, గట్టిగా, పెళుసుగా ఉండే ఆ పదార్థం ఎందుకూ పనికిరాదని యాభై ఏళ్లు పక్కన పెట్టారు. 1926లో అమెరికాలోని బి.ఎఫ్. గుడ్‌రిచ్ కంపెనీలో వాల్డో సెమన్ రబ్బరును లోహానికి అతికించే జిగురు కోసం వెతుకుతూ, పీవీసీని బాగా వేడెక్కితే గానీ మరగని ద్రావకాల్లో వేడిచేశాడు. జిగురు రాలేదు గానీ వంగే, సాగే, ఎగిరిపడే కొత్త ముద్ద ఒకటి చేతికొచ్చింది. పీవీసీ పొడవాటి అణు గొలుసుల మధ్య ఆ ద్రవం చేరి, గొలుసులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకోకుండా ఎడం చేసింది. ఇలా మెత్తదనం తెచ్చే ద్రవాలనే ప్లాస్టిసైజర్లు అంటున్నాం. మెత్తటి పీవీసీ వస్తువుల్లో వీటి వాటా బరువులో పావు వంతుకు మించి ఉండటం సాధారణమే.

చేవెళ్లలో బోరు కింద కూరగాయలో, పాలీహౌస్‌లో పూలో పండించే రైతు దగ్గరకు జనవరి పొద్దున్నే వెళ్తే ఇదంతా ఒక్కచోట చూడొచ్చు. బోరు నుంచి నీళ్లు తెచ్చే గట్టి పైపు పీవీసీయే. అందులో ప్లాస్టిసైజర్ ఉండదు, అందుకే అది ఏ కాలంలోనైనా వంగదు. నీళ్లు పట్టే పచ్చ గొట్టమూ పీవీసీయే, అందులో ప్లాస్టిసైజర్ దండిగా ఉంటుంది. మధ్యాహ్నం చెప్పినట్టు వినే ఆ గొట్టం తెల్లవారుజామున చుట్ట విప్పబోతే మొండికేస్తుంది, విప్పిన తర్వాత కూడా చుట్ట ఆకారంలోనే ఉండిపోతుంది. మొక్కల పక్కన పరిచిన నల్లటి డ్రిప్ పైపు మాత్రం పొద్దునా మధ్యాహ్నమూ దాదాపు ఒకేలా వంగుతుంది. అది పాలీఇథిలీన్. మూడూ ప్లాస్టిక్కే, ఒకే పొలంలో ఉన్నవే. అయినా చలిని అవి తీసుకునే తీరు మూడు విధాలుగా ఉంది.

ప్రతి పాలిమర్‌కు ఒక ఉష్ణోగ్రత ఉంటుంది. దాని కింద అణు గొలుసులు కదలలేక బిగుసుకుపోతాయి, పదార్థం గాజులా గట్టిపడుతుంది. దాన్ని దాటితే గొలుసులు ఒకదాని మీద ఒకటి జారగలుగుతాయి, పదార్థం వంగుతుంది. దీన్ని గ్లాస్ ట్రాన్సిషన్ అంటారు. ప్లాస్టిసైజర్ లేని పీవీసీకి ఇది సుమారు 80 డిగ్రీల దగ్గర ఉంటుంది. కాబట్టి మన వాతావరణంలో అది ఎప్పుడూ గట్టిగానే ఉంటుంది. పాలీఇథిలీన్‌కు సున్నాకు కింద నూరు డిగ్రీల ప్రాంతంలో ఉంటుంది. మొయినాబాద్ చలి దాని దరిదాపులకు కూడా పోదు. ప్లాస్టిసైజర్ కలిపిన పీవీసీ ఈ రెండింటికీ మధ్యన ఉంటుంది. ఎంత ప్లాస్టిసైజర్ కలిపారు, ఏ రకం కలిపారు అన్నదాన్ని బట్టి ఆ గీత సున్నాకు చాలా కిందికి దిగుతుంది.

ఇక్కడ ఒక చిక్కుంది. కొబ్బరి నూనె సుమారు 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. ఆ గీతకు ఇటు ద్రవం, అటు గడ్డ, మధ్యలో పెద్దగా ఏమీ లేదు. మెత్తటి పీవీసీ అలా కాదు. దానిలో మార్పు పదుల డిగ్రీల మేర పరచుకుని ఉంటుంది. గాజు స్థితికి ఇంకా ఎంతో దూరంలో ఉన్నప్పుడే అది మెల్లమెల్లగా బిరుసెక్కడం మొదలుపెడుతుంది. 40 డిగ్రీల మధ్యాహ్నానికీ 10 డిగ్రీల ఉదయానికీ మధ్య ఎక్కడా గడ్డకట్టదు, పగలదు. కానీ వంచడానికి పట్టే బలం బాగా పెరుగుతుంది. అంతకంటే ముఖ్యంగా, వంచి వదిలేస్తే తిరిగి తిన్నగా అవడానికి పట్టే సమయం పెరుగుతుంది. గాలం వేసేవాళ్లను వేధించేది ఈ రెండోదే.

ఇది గాలం సరదాకే పరిమితమైన విషయం కాదు. 1986 జనవరి 28న చాలెంజర్ అంతరిక్ష నౌక ఎగిరిన 73 సెకన్లకే పేలిపోయి ఏడుగురు ప్రాణాలు కోల్పోయారు. రాకెట్ కీళ్ల దగ్గరి రబ్బరు వలయాలు ఆ ఉదయపు చలికి బిరుసెక్కి, సమయానికి సందును మూయలేకపోయాయి. విచారణ సంఘంలో ఉన్న భౌతిక శాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ ఆ రబ్బరు ముక్కను బిగించి, ఎదురుగా ఉన్న మంచు నీళ్ల గ్లాసులో ముంచి, తీసి, బిగింపు వదిలి చూపించాడు. ముక్క వెంటనే తన ఆకారానికి రాలేదు. అక్కడ జరిగిందీ గాలం లైన్ చుట్టల్లో జరిగేదీ ఒకే నియమం. నొక్కిన ఆకారాన్నో, చుట్టిన ఆకారాన్నో వదులుకుని లేవడానికి పాలిమర్‌కు వెచ్చదనం కావాలి.

చుట్టలు ఎక్కడి నుంచి వచ్చాయన్నది అసలు ప్రశ్న. చలి చుట్టలను తయారుచేయలేదు. లైన్‌ను చిన్న రీలు మీద చుట్టి ఎక్కడో పెట్టాం. ఎక్కడ పెట్టాం? చాలామంది విషయంలో కారు వెనక డిక్కీలో. మే నెలలో బయట 40, 42 డిగ్రీలుంటే, ఎండలో నిలిపి అద్దాలు మూసిన కారు లోపల 60 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడిలో పీవీసీ గొలుసులూ నైలాన్ గొలుసులూ హాయిగా కదులుతాయి. కదిలి, చుట్టలో తమ మీద పడుతున్న ఒత్తిడిని తగ్గించుకునేలా సర్దుకుంటాయి. అంటే చుట్టే వాటి సొంత ఆకారమవుతుంది. తర్వాత చల్లబడినప్పుడు ఆ ఆకారం అలాగే స్థిరపడుతుంది. ప్లాస్టిక్ వస్తువులను వేడిచేసి అచ్చులో వంచి, చల్లార్చి తీసే పద్ధతి ఇదే. కారులో వదిలేసిన రీలు ఆ కర్మాగారం పని తెలియకుండానే చేసిపెడుతోంది.

వేడి చేసే రెండో చెరుపు ఇంకా లోతైనది. ప్లాస్టిసైజర్ పీవీసీతో రసాయనికంగా కలిసిపోదు, గొలుసుల మధ్య ఇరుక్కుని ఉంటుందంతే. కాబట్టి మెల్లగా పైకి ఊరుతుంది, ఆవిరవుతుంది, తాకిన నూనెల్లోకీ ద్రావకాల్లోకీ దిగిపోతుంది. వేడి పెరిగేకొద్దీ ఈ నష్టం వేగం పుంజుకుంటుంది. పాత రెయిన్‌కోటు జిడ్డుగా తగిలి, తర్వాత గట్టిపడి పగలడం ఇందువల్లే. లైన్ ఒక్కో వేసవికీ కొంత ప్లాస్టిసైజర్ పోగొట్టుకుంటే దాని గ్లాస్ ట్రాన్సిషన్ ఒక్కో మెట్టు పైకి జరుగుతుంది. నిరుడు జనవరిలో బాగానే సాగిన లైన్ ఈ జనవరిలో అదే చలికి బిరుసుగా ఉండటం ఇలా జరుగుతుంది. చలి మారలేదు, లైన్ లోపలి ద్రవం తగ్గింది. చెరువు గట్టున దోమల కోసం చేతులకు రాసుకునే క్రీముల్లో డీట్ అనే రసాయనం ఉంటే మరింత జాగ్రత్త కావాలి, అది పీవీసీని నేరుగా దెబ్బతీస్తుంది. ఎండ క్రీము, పెట్రోలు కూడా లైన్‌కు పడవు. ఇవన్నీ అంటిన చేత్తో లైన్ పట్టుకునే అలవాటు చూస్తే నాకు బాధేస్తుంది, ఎందుకంటే చేతులు కడుక్కుంటే చాలు కదా.

మరి ఖరీదైన లైన్‌కూ చవక లైన్‌కూ తేడా లేదా? ఉంది. కానీ జనం అనుకునేచోట లేదు. అయిదారు రెట్లు ధర పెట్టిన లైన్‌లో పూతను ఒక్కో వాతావరణానికి వేరుగా కలుపుతారు. చల్లని నీళ్ల లైన్‌కు మెత్తటి పూత, అల్లిన నడుము. ఉష్ణ ప్రాంతాల సముద్రపు లైన్‌కు గట్టి పూత, చాలాసార్లు ఒంటిపోగు నడుము. లేకపోతే ఎండకు అది కరిగినట్టు వాలిపోయి రింగులకు అతుక్కుంటుంది. చవక లైన్‌కు సాధారణంగా అన్ని కాలాలకూ ఒకే పూత ఉంటుంది. పైన జారుడుకు వేసే పదార్థం తక్కువ, లావు సన్నాల కొలతల్లో నిలకడ తక్కువ. విసిరేటప్పుడు ఈ తేడా తెలుస్తుంది.

ఇప్పుడు మన లెక్క చూద్దాం. చల్లని నీళ్ల లైన్ ఎవరి కోసం? డెట్రాయిట్‌లో ఉండే మన తెలుగువాళ్లు నవంబరులో మిషిగన్ నదుల్లో దిగితే నీరు 5 డిగ్రీల దగ్గర ఉంటుంది, రాడ్ రింగుల్లో మంచు పేరుకుంటుంది. ఫ్లై లైన్లకు పేరున్న సైంటిఫిక్ యాంగ్లర్స్ కంపెనీ ఆ రాష్ట్రంలోని మిడ్‌ల్యాండ్‌లోనే 1945లో పుట్టింది. వాళ్లకు ఆ లైన్ అవసరం. హిమాయత్‌సాగర్ మీద గాలి 9 డిగ్రీలున్న ఉదయాన నీరు అంత చల్లగా ఉండదు. దక్కన్ జలాశయాల పైనీరు నడి చలికాలంలోనూ 20 డిగ్రీల అటూ ఇటూ ఉంటుంది. నీటిని ఒక డిగ్రీ చల్లబరచాలంటే అంతే బరువున్న గాలి కన్నా నాలుగు రెట్లకు పైగా వేడిని తీసేయాలి. పైగా నీరు గాలి కన్నా కొన్ని వందల రెట్లు బరువైనది. ఒక రాత్రి చలి అంత పెద్ద చెరువును ఏమీ చేయలేదు. తెల్లవారుజామున గండిపేట మీద లేచే పొగమంచు దీనికి సాక్ష్యం, వెచ్చటి నీటి ఆవిరి చల్లగాలిలో తేలి కనబడుతోందన్నమాట.

దీని ఫలితం చాలా సులువైనది, ఎందుకో చాలామందికి తట్టదు. చేవెళ్ల నుంచి బండి మీద సంచీలో వచ్చిన లైన్ 10 డిగ్రీల దగ్గర ఉంటుంది. నీళ్లలో పడిన లైన్ కొద్ది నిమిషాల్లో 20 డిగ్రీల దగ్గరికి చేరుతుంది. మొదటి పది విసుర్లలో లైన్ చేసిన పేచీ చూసి సరంజామా సర్దేసేవాళ్లు, ఓ పది నిమిషాలు లైన్‌ను నీళ్లలో పరిచి ఉంచితే సరిపోయేది. అంతకు ముందు ఒక పని చేయాలి. లైన్ కొసను చెట్టుకో, తోడొచ్చినవాళ్ల చేతికో ఇచ్చి, పది పన్నెండు మీటర్లు బయటికి లాగి, రెండు చేతులతో నిదానంగా సాగదీసి ఓ అర నిమిషం పట్టి ఉంచాలి. గుంజకూడదు. సాగదీసి ఉంచినప్పుడు గొలుసులు తిన్నని ఆకారంలోకి సర్దుకుంటాయి. రాత్రి ఇంట్లోనే గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి, తుడిచి, ఇదే పని చేస్తే ఇంకా మేలు. వేడిలో వచ్చిన చుట్ట వేడిలోనే తొందరగా పోతుంది.

నమ్మకం కుదరనివాళ్లు ఇంట్లో పరీక్షించి చూడొచ్చు. లైన్ వెనక కొస నుంచి, అంటే రీలులో లైన్ కింద చుట్టే బ్యాకింగ్ దారాన్ని కట్టే వైపు నుంచి, జానెడు ముక్కలు మూడు కోయండి. ఆ వైపు పోయినా నష్టం లేదు. మూడింటినీ పెన్సిల్‌కు చుట్టి రబ్బరు బ్యాండు వేయండి. ఒకటి ఫ్రిజ్‌లో, ఒకటి బల్ల మీద, ఒకటి స్నానానికి వాడేంత వేడి నీళ్లలో గంటసేపు ఉంచండి. తర్వాత మూడింటినీ తీసి, చుట్ట విప్పి, గది వేడిమికి వదిలేయండి. ఫ్రిజ్‌లోది విప్పగానే బిరుసుగా ఉంటుంది, కానీ గదిలో వెచ్చబడేకొద్దీ తేరుకుని చాలావరకు తిన్నబడుతుంది. వేడి నీళ్లది విప్పినప్పుడు మెత్తగా, చల్లారాక చుట్టగా ఉంటుంది. చలి లైన్‌ను తాత్కాలికంగా బిగిస్తుందనీ, చుట్ట వేసి ముద్ర కొట్టేది వేడేననీ కళ్లెదుట కనిపిస్తుంది. పిల్లలకు పాలిమర్ పాఠం చెప్పడానికి ఇంతకన్నా చవకైన ప్రయోగం నాకు తెలియదు.

లైన్ ముందు కట్టే సన్నటి లీడర్ సంగతి కొంచెం వేరు. అది చాలావరకు ఒట్టి నైలాన్. డ్యూపాంట్ కంపెనీలో వాలెస్ కరోథర్స్ బృందం 1935లో తయారుచేసిన పదార్థం. నైలాన్ గొలుసులు హైడ్రోజన్ బంధాలతో ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. నీరు ఆ బంధాల మధ్య దూరి వాటిని సడలిస్తుంది. అంటే నైలాన్‌కు నీరే ప్లాస్టిసైజర్. పూర్తిగా ఆరిన నైలాన్ గ్లాస్ ట్రాన్సిషన్ 50 డిగ్రీల ప్రాంతంలో ఉంటే, బాగా నానినదానికి అది సున్నా చుట్టుపక్కలకు దిగిపోతుంది. మన చలికాలపు పగటి గాలి చాలా పొడిగా ఉంటుంది. పెదవులు పగిలే ఆ గాలిలో సంచీలో ఉన్న లీడర్ కూడా ఎండి బిరుసెక్కుతుంది. ఒడ్డుకు రాగానే దాన్ని కాసేపు నీళ్లలో నాననిస్తే మెత్తబడుతుంది. ముడి వేసేముందు తడపడం ఎలాగూ తప్పనిసరి. పొడి ముడి బిగించేటప్పుడు పుట్టే రాపిడి వేడికి దారం అక్కడే బలహీనపడుతుంది. నానిన నైలాన్ బలం కొంత తగ్గుతుందన్నది నిజమే, కాబట్టి పెద్ద బంగారుతీగలున్నచోట ఒక మెట్టు లావు దారం కట్టుకోవాలి. ఫ్లోరోకార్బన్ దారం నీరు దాదాపు పీల్చదు, అందుకే నానబెట్టినా మెత్తబడదు.

లైన్ బాగున్నా చేప కొట్టని ఉదయాలు ఉంటాయి. చేపల ఒంటి వేడి నీటిని బట్టే మారుతుంది. నీరు చల్లబడితే అరుగుదల మందగిస్తుంది, ఆకలి తగ్గుతుంది. జిలేబి ఆఫ్రికా వెచ్చటి నీళ్ల చేప, 20 డిగ్రీల కిందికి వస్తే మేత బాగా తగ్గించేస్తుంది. బంగారుతీగ చల్లని దేశాల్లోనూ బతికేది కాబట్టి కాస్త మెరుగు. తెలంగాణ రాష్ట్ర చేప కొరమీను నీటి పైకి వచ్చి గాలి పీల్చే జాతి. పొద్దున్నే కాక, ఎండ పొడిచి ఒడ్డు పక్క లోతు తక్కువ నీళ్లు వెచ్చబడ్డాక నాచు అంచుల్లో కదులుతుంది. కాబట్టి జనవరిలో ఆరు గంటలకే వణుకుతూ నిలబడాల్సిన పని లేదు. తొమ్మిది, పది గంటల వేళ లైనూ మెత్తబడుతుంది, చేపా కదులుతుంది. ఫ్లైని కూడా వేసవిలో లాగినంత వేగంగా లాగకూడదు. నిదానంగా లాగేటప్పుడు చుట్టల్లేని లైన్ విలువ తెలుస్తుంది. చుట్టలున్న లైన్‌లో చేప నోరు పెట్టిన చిన్న తాకిడి ఆ వంకరల్లోనే కలిసిపోయి చేతిదాకా రాదు.

కొనేవాళ్లకు నేను చెప్పేది ఇది. చేవెళ్ల, మొయినాబాద్ చెరువులకు చల్లని నీళ్ల లైన్ అని రాసిన ఖరీదైనది కొనకండి. అది జనవరిలో నాలుగు ఉదయాలు సుఖంగా ఉండి, ఏప్రిల్ నుంచి వాలిపోయి విసిగిస్తుంది. ఉష్ణ ప్రాంతాల సముద్రపు లైన్ అని రాసింది కూడా వద్దు. అది మే నెలలో బ్రహ్మాండంగా ఉండి, చలి పొద్దున కడ్డీలా నిలబడుతుంది. మధ్యస్థంగా, అల్లిన నడుము ఉన్న మామూలు తేలే లైన్ తక్కువ ధరదైనా మనకు సరిపోతుంది. కొనేముందు డబ్బా మీద నడుము ఏ రకమో చూడండి, వీలైతే చేత్తో ముట్టుకోండి. మిగిలే డబ్బుతో పెద్ద వ్యాసం ఉన్న రీలు తీసుకోండి. చుట్ట ఎంత పెద్దదైతే లైన్ వంపు అంత తక్కువ, పడే ముద్ర కూడా అంత తక్కువ. వాడాక సబ్బు నీళ్లలో ముంచిన గుడ్డతో తుడవండి. పూత పగుళ్లిచ్చి, నడుములోకి నీరు దిగి, కొస మునగడం మొదలైతే ఇక ఆ లైన్ పని అయిపోయినట్టే. దాన్ని గట్టున పారేయకండి. పీవీసీ, నైలాన్ కుళ్లవు, కొంగల కాళ్లకూ నీటి బాతుల రెక్కలకూ ఉరితాళ్లవుతాయి. గండిపేట, హిమాయత్‌సాగర్‌ల పరీవాహకాన్ని కాపాడటానికి 1996లో 111 జీవో తెచ్చారు, 2022లో దాన్ని సడలించారు. ఆ వాదన ఎటు తేలినా ఒడ్డున పడే ప్లాస్టిక్ విషయంలో మన చేతిలో ఉన్నది మనం చేయొచ్చు. ఇవి తాగునీటి జలాశయాలు, చేపల మీద హక్కు స్థానిక మత్స్యకారులది. అనుమతి ఉన్నచోటే, వాళ్లను అడిగే గాలం వేయాలి.

ఫిబ్రవరి దాటాక రీలును కారులోంచి తీసేయండి. లైన్‌ను రీలు మీద నుంచి విప్పి, పెద్ద చుట్టగా చేసి, ఇంట్లో ఎండ తగలని గోడకు వదులుగా వేలాడదీయండి. వచ్చే జనవరికి కొత్తది కొనాల్సిన అవసరం చాలామందికి రాదు.